తుపాను రోజుల్లో బండి ఆగితే: డెల్టా స్టేషన్లలో ప్రయాణికుల బాగోగులు ఎలా చూడాలి

గుడివాడ నుంచి భీమవరం, నరసాపురం వైపు, భీమవరం నుంచి నిడదవోలు వైపు, నిడదవోలు దాటి రాజమండ్రి, సామర్లకోట, కాకినాడ వైపు ఉన్న స్టేషన్లకు కొత్తగా వచ్చిన స్టేషన్ మాస్టర్లను, బుకింగ్ గుమస్తాలను, టికెట్ తనిఖీ సిబ్బందిని ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. బండిని ఎప్పుడు ఆపాలి, ఏ వేగంతో వదలాలి అన్నవి నియమావళి, బండ్ల రాకపోకలను నడిపించే కంట్రోల్ ఆఫీసు, ఇంజనీరింగ్ విభాగం తేల్చే విషయాలు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. బండి ఆగిపోయాక, దారి మళ్లాక, రద్దయ్యాక ప్లాట్‌ఫారం మీద సామానుతో నిలబడిన మనిషికి మీరు ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

కింద చెప్పే పనులన్నిటికీ ఆధారం ఒక్కటే. ప్రయాణికుడికి వేరే దారి ఇంకా తెరిచి ఉన్న వేళలోనే అతనికి నిజం తెలియాలి. డెల్టాలో ఆ దారులు త్వరగా మూసుకుపోతాయి. చీకటి పడితే రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఆగుతుంది, చివరి బస్సు వెళ్లిపోతుంది, వరద పెరిగితే కాజ్‌వే (ఏటికి అడ్డంగా వేసిన ఎత్తు తక్కువ రోడ్డు) మీదికి నీరు వస్తుంది. బండి రద్దయిందని సాయంత్రం ఆరు గంటలకు తెలిసిన మనిషి ఇంటికి చేరతాడు. అదే కబురు రాత్రి పదింటికి తెలిస్తే పిల్లలతో సహా తెల్లవారేదాకా మీ వెయిటింగ్ హాల్లోనే కూర్చుంటాడు.

వానలకు ముందే సిద్ధం చేసుకోవలసినవి

మీ స్టేషన్‌లో దిగేవాళ్లు అక్కడి నుంచి ఎక్కడికి పోతారో తెలుసుకోవడంతో మొదలుపెట్టండి. రైలు కాగితాల్లో వాళ్ల గమ్యం మీ స్టేషనే అయినా, నిజంగా వాళ్లు చేరవలసిన ఊరు ఇంకా దూరంలో ఉంటుంది. కోనసీమలో ఎక్కువ భాగానికి రైలు లేదు. అమలాపురం వెళ్లవలసినవాళ్లు రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగానో, కాకినాడలో దిగి యానాం, ఎదుర్లంక వారధి మీదుగానో పోతారు. రాజోలు, మలికిపురం వైపువాళ్లు పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటుతారు. సఖినేటిపల్లి, అంతర్వేది వైపువాళ్లు నరసాపురం దాకా వచ్చి పంటు ఎక్కుతారు. ఈ చివరి సంగతి చాలా ముఖ్యం, ఎందుకంటే గోదావరి వశిష్ఠ పాయలో వరద ఉన్నా, గాలి ఎక్కువగా ఉన్నా పంటు కట్టేస్తారు. ఆ రోజున సఖినేటిపల్లి ప్రయాణికుడు పాలకొల్లులోనే దిగి చించినాడ మీదుగా పోవడం మేలు. ఆ మాట అతనికి నరసాపురం ప్లాట్‌ఫారం మీద చెప్పి లాభం లేదు. భీమవరంలో బండి ఆగి ఉన్నప్పుడే చెప్పించాలి.

ఒక నోటు పుస్తకంలో మీ స్టేషన్ నుంచి ఏయే ఊళ్లకు చివరి బస్సు ఎన్ని గంటలకు ఉందో, దగ్గరి ఆర్టీసీ డిపోలో రాత్రి డ్యూటీలో ఎవరుంటారో, రేవు దగ్గర పంటు ఎప్పటిదాకా నడుస్తుందో రాసుకోండి. తహసీల్దారు కార్యాలయం, పోలీసు స్టేషన్, ప్రభుత్వ ఆసుపత్రి, 108 అంబులెన్సు, రైల్వే పోలీసు, పక్క స్టేషన్ల నంబర్లు అదే పేజీలో ఉండాలి. ఇవి మీ ఫోన్‌లో మాత్రమే ఉంటే మీ డ్యూటీ దిగాక వచ్చినవారికి పనికిరావు. కరెంటు పోయి ఫోన్ ఛార్జింగు అయిపోతే మీకూ పనికిరావు. అందుకే పుస్తకంలో రాయమంటున్నాను.

స్టేషన్‌లో ఉన్న వసతి గురించి కూడా మీకు నిక్కచ్చిగా తెలిసి ఉండాలి. జనరేటరు ఎన్ని గంటలు నడుస్తుంది, కరెంటు లేకపోతే మంచినీటి కుళాయిల్లో ఎంతసేపు నీరు వస్తుంది, మరుగుదొడ్ల తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, ప్లాట్‌ఫారం మీద ఎన్ని కోచ్‌లు పడతాయి అన్నవి తుపాను రాత్రి వెతుక్కోవలసిన విషయాలు కావు.

హెచ్చరికలను ప్రయాణికుల కోసం చదవడం

గోదావరి వరద, కుండపోత వాన, తుపాను గాలి ఈ మూడూ వేరువేరు ముప్పులు. ఒక్కొక్కటి మీకు ఇచ్చే వ్యవధి కూడా వేరు.

గోదావరి వరద వ్యవధి ఇచ్చి వస్తుంది. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఇస్తారు. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు మూడు ప్రమాద హెచ్చరికల మట్టాలు. మూడో హెచ్చరిక దాటిందంటే దాదాపు 17 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతున్నాయని అర్థం. 1986 ఆగస్టులో ఆ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది. కొవ్వూరు, రాజమండ్రి మధ్య రైలు వంతెనలు ఎత్తులో ఉన్నాయి, ఏటిగట్లు నీటిని పాయల మధ్యే నిలుపుతాయి, కాబట్టి వరద రోజున కూడా చాలాసార్లు బండ్లు నడుస్తూనే ఉంటాయి. అయితే లంక గ్రామాల (ఏటి మధ్య దీవుల్లోని ఊళ్ల) ప్రయాణికుడికి బండి నడవడంతో పని తీరదు. బండి దిగాక ఇల్లు చేరే దారి లేదు. రెండో హెచ్చరిక వచ్చినప్పటి నుంచి బుకింగ్ కిటికీ దగ్గర ఏ కాజ్‌వే మునిగింది, ఏ రేవులో పంటు ఆగింది అన్నది రాసి పెట్టడం మీ పని కాదని ఎవరైనా అంటే అంగీకరించకండి.

కుండపోత వాన అంత వ్యవధి ఇవ్వదు. యనమదుర్రు, ఉప్పుటేరు వంటి డ్రెయిన్లు నిండి, సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కి తన్నుతుంది. నల్లరేగడి నేల మీద వేసిన రైలు కట్ట నాని జారుతుంది. నా దృష్టిలో డెల్టా శాఖా మార్గాలకు గోదావరి కంటే ఈ ఊరి వానే ఎక్కువ ప్రమాదకరం. అందువల్ల రాత్రంతా వాన కురిసిన తెల్లవారున మొదటి మెము బండికి (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండికి) వచ్చే విద్యార్థులకు, ఉద్యోగులకు కబురు అందించే ఏర్పాటు ముందు రాత్రే ఉండాలి.

తుపాను విషయంలో వాతావరణ శాఖ తీరంలో వాతావరణం చెడడానికి కనీసం 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను జారీ చేస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపాను, 2018 డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా, ఇవన్నీ ఈ స్టేషన్ల పరిధిలోకి వచ్చినవే. మొంథా వేళ పెద్ద సంఖ్యలో రైళ్లను ముందుగానే రద్దు చేశారు. ముందే రద్దు చేస్తే ప్రయాణికులు విసుక్కుంటారు, కాని ఇంట్లో కూర్చుని విసుక్కుంటారు. అది మంచి ఫలితమే. హెచ్చరిక వచ్చిన 24 గంటల్లో మీ పని, రద్దు జాబితా అందిన వెంటనే దాన్ని మీ స్టేషన్ ప్రయాణికుల మాటల్లోకి మార్చడం. బండి నంబర్ల జాబితా అంటించి ఊరుకుంటే చాలదు. రేపు ఉదయం విజయవాడ వైపు ఏ బండీ లేదు, సాయంత్రం హైదరాబాద్ బండి లేదు, ఎల్లుండి సంగతి రేపు సాయంత్రం నాలుగింటికి చెబుతాము అని పెద్ద అక్షరాల్లో రాయాలి.

కంట్రోల్‌ను ఏమి అడగాలి

దారి మధ్యలో బండి ఆగినట్టు కబురు వస్తే విజయవాడ కంట్రోల్‌లో సెక్షన్ కంట్రోలర్ ఒకేసారి అనేక బండ్లతో సతమతమవుతూ ఉంటారు. వారిని ఊరికే “ఎప్పుడు వదులుతారు” అని అడిగితే ఉపయోగం ఉండదు. మూడు సంగతులు మాత్రం అడగండి. ఆటంకం ఎక్కడ, ఏ రకం? చెట్టు కూలి కరెంటు తీగ తెగిందా, కట్ట కోసుకుపోయిందా, సిగ్నళ్లు చెడ్డాయా? నా స్టేషన్‌లో, నా వైపు వచ్చే బండ్లలో వేటిని ఇక్కడే ఆపుతారు? మళ్లీ ఎన్ని గంటలకు మీతో మాట్లాడాలి?

మొదటి ప్రశ్న వల్ల మీకు ఒక అంచనా దొరుకుతుంది. కొబ్బరిచెట్టు తీగల మీద పడితే తీగలు బాగుచేసే టవర్ వ్యాగన్ వచ్చి సరిచేసేదాకా కొన్ని గంటలు. కట్ట కోసుకుపోతే రాళ్లు, ఇసుక బస్తాలు వచ్చి, ఇంజనీరు చూసి, నెమ్మదిగా ఒక బండిని దాటించేదాకా ఆ రోజు పని అంతే. ఈ అంచనాను ప్రయాణికులకు సమయంగా చెప్పకండి. మీ ఏర్పాట్లకు మాత్రం వాడండి. గంటల పని అనిపిస్తే తాగునీరు, వెలుతురు చూడండి. రోజుల పని అనిపిస్తే బస్సులు, డబ్బు వాపసు మొదలుపెట్టండి.

ఎంతమంది జనం ఆగి ఉన్నారో, వారిలో రోగులు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు ఎంతమందో కంట్రోల్‌కు మీరే ముందు చెప్పండి. ఏ బండిని ఎక్కడ నిలపాలన్న నిర్ణయంలో ఆ మాటకు విలువ ఉంటుంది. ఇరవైకి పైగా కోచ్‌లున్న ఎక్స్‌ప్రెస్‌ను చిన్న స్టేషన్‌లో నిలిపితే వెనుక కోచ్‌లు ప్లాట్‌ఫారం బయట ఉండిపోతాయి, అంగడి ఉండదు, నీళ్లు ఉండవు, బస్సు రోడ్డు దూరం. అదే బండిని వీలున్నంతవరకు నిడదవోలు, భీమవరం టౌన్, గుడివాడ, రాజమండ్రి వంటి చోట్ల పట్టి ఉంచితే జనానికి తిండి, నీరు, బస్టాండు అందుబాటులో ఉంటాయి. నిర్ణయం కంట్రోల్‌దే అయినా “ఇక్కడ ఆపితే ఇబ్బంది, వెనుక స్టేషన్‌లోనే ఉంచండి” అని సకాలంలో చెప్పగలిగింది మీరొక్కరే.

ప్రకటన ఎలా చేయాలి

ఈ పని అందరూ చేస్తారు, బాగా చేసేవారు తక్కువ. “ప్రయాణికులు దయచేసి గమనించగలరు, సాంకేతిక కారణాల వల్ల రైలు నిరవధికంగా ఆలస్యంగా నడుచుచున్నది, అసౌకర్యానికి చింతిస్తున్నాము” అన్న ప్రకటన విన్న మనిషి ఏ నిర్ణయమూ తీసుకోలేడు. కారణం తెలియలేదు, ఎంతసేపో తెలియలేదు, తాను ఏం చేయవచ్చో తెలియలేదు.

దాని బదులు ఇలా చెప్పండి: “ప్రయాణికులకు మనవి. ఆకివీడు, కైకలూరు మధ్య కరెంటు తీగల మీద చెట్టు పడినందువల్ల విజయవాడ వైపు బండ్లు ఆగి ఉన్నాయి. ఇప్పుడు సమయం సాయంత్రం 5 గంటల 10 నిమిషాలు. 7 గంటల లోపు ఏ బండీ బయలుదేరదు. గుడివాడ, విజయవాడ వెళ్లవలసినవారికి బస్టాండు నుంచి బస్సులున్నాయి, చివరి బస్సు సమయం విచారణ కిటికీ దగ్గర రాసి ఉంది. టికెట్ డబ్బు వాపసు కావలసినవారు బుకింగ్ కౌంటరుకు రండి. తరువాతి ప్రకటన 5 గంటల 40 నిమిషాలకు.” ఇందులో ప్రతి మాటా ప్రయాణికుడి చేతికి ఒక పని ఇస్తుంది. “7 గంటల లోపు బయలుదేరదు” అనడం “7 గంటలకు బయలుదేరుతుంది” అనడం కంటే క్షేమం. మొదటిది మీకు కచ్చితంగా తెలిసిన సంగతి, రెండోది ఆశ.

తరువాతి ప్రకటనకు చెప్పిన సమయాన్ని తప్పకండి. కొత్త కబురు ఏమీ లేకపోయినా 5 గంటల 40 నిమిషాలకు మైకు పట్టుకుని ఏ మార్పూ లేదని చెప్పండి. అలా రెండుసార్లు మాట నిలబెట్టుకుంటే మీ కిటికీ దగ్గర తోపులాట సగం తగ్గుతుంది, ఎందుకంటే అడగకపోయినా చెబుతారన్న నమ్మకం జనానికి కుదురుతుంది.

నల్లబల్ల మీద అదే మాట రాయండి. స్టేషన్ పేరు, తేదీ, రాసిన సమయం పైన ఉండాలి. మీరు రాసిన బల్లను ఎవరో ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. అది మంచిదే, కాని తేదీ, సమయం లేకపోతే ఆ ఫొటో మర్నాడు కూడా తిరుగుతూ బండి లేదనుకుని పరీక్షకు వెళ్లని విద్యార్థిని తయారు చేస్తుంది. భీమవరం పరిసరాల రొయ్యల పరిశ్రమల్లో ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కార్మికులు చాలామంది ఉంటారు కాబట్టి ప్రకటన హిందీలో కూడా చేయండి. మీకు హిందీ సరిగా రాకపోతే ప్లాట్‌ఫారం మీద హిందీ వచ్చినవారిని పిలిచి చెప్పించండి. భాష తెలియక గుంపును చూసి పట్టాల మీదికి దిగేవాళ్లు మొదట వీళ్లే.

కిటికీ దగ్గర ఒక్కొక్కరితో మాట్లాడే పద్ధతి వేరు. “బండి ఎప్పుడొస్తుందండీ?” అని ఒక పెద్దావిడ అడిగితే “ఇంకా తెలియలేదమ్మా” అని పంపేయకండి. “మీరు ఎక్కడికి వెళ్లాలమ్మా?” అని మీరే అడగండి. పక్కనున్న ఉండి అనే ఊరి దాకా వెళ్లవలసిన మనిషికి ఆటో చాలు. సికింద్రాబాద్ ఆసుపత్రిలో మర్నాడు చూపించుకోవలసిన మనిషికి రాత్రి బస్సు కావాలి. గల్ఫ్ విమానం అందుకోవలసినవాడికి ఒక్క గంట కూడా వృథా కాకూడదు, అతను వెంటనే రోడ్డు పట్టుకోవాలి. గమ్యం తెలుసుకున్న తరువాత ఇచ్చే జవాబే జవాబు.

దారి మళ్లించినప్పుడు

ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే ప్రధాన మార్గంలో ఆటంకం వచ్చినా, పెద్ద మరమ్మతులు జరుగుతున్నా, విజయవాడ, నిడదవోలు మధ్య బండ్లను గుడివాడ, భీమవరం టౌన్ మీదుగా తిప్పడం విజయవాడ డివిజన్‌లో మామూలు. నరసాపురం, మచిలీపట్నం, నిడదవోలు శాఖలతో కలిపి 221 కిలోమీటర్ల ఈ మార్గాన్ని రెండు లైన్లుగా విస్తరించి విద్యుదీకరించిన తరువాత అది మరింత తేలికైంది. బండి గమ్యం చేరుతుంది కనుక కాగితం మీద ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో దిగవలసినవారికి, ఎక్కవలసినవారికి మాత్రం బండి రద్దయినట్టే.

విశాఖ వైపు నుంచి వచ్చే బండి మళ్లుతున్నదని తెలిసిన క్షణం నుంచి మీకు నిడదవోలు దాకా మాత్రమే వ్యవధి ఉంది. బండిలోని టీటీఈకి (టికెట్ తనిఖీ ఉద్యోగికి), గార్డుకు కబురు చేరి, వారు కోచ్‌లన్నీ తిరిగి, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రయాణికులను నిడదవోలులో దిగమని చెప్పాలి. రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద మైకులో చెప్పడం మొదటి మెట్టు, కోచ్‌లో చెప్పడం రెండోది. రాత్రి బండిలో జనం నిద్రలో ఉంటారు, ఏసీ కోచ్‌లో మైకు మాట వినిపించదు. నిడదవోలులో దిగితే తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకు జాతీయ రహదారి దగ్గర. ఆ వేళ దాటిపోతే కైకలూరులో దిగి ఏలూరు పోదామని కొందరు ఆలోచిస్తారు. మామూలు రోజుల్లో అది సరైనదే. కాని కొల్లేరు పొంగినప్పుడు కైకలూరు, ఏలూరు రోడ్డు మునుగుతుంది. బండి మళ్లేంత వాన కురిసిన రోజున ఆ రోడ్డును నమ్మమని చెప్పకండి. గుడివాడ లేదా విజయవాడ దాకా వెళ్లి వెనక్కి రమ్మనండి.

భీమవరంలో రెండు స్టేషన్లున్న సంగతి ఊరివాళ్లకు తెలుసు, మళ్లించిన బండి ప్రయాణికుడికి తెలియదు. “భీమవరంలో ఎక్కండి” అని ఫోన్‌లో చెబితే అతను జంక్షన్‌కు పోయి నిలబడతాడు, బండి టౌన్ నుంచి వెళ్లిపోతుంది. ప్రతిసారీ పూర్తి పేరు చెప్పండి, రాయండి.

నరసాపురం నుంచి బయలుదేరవలసిన బండిని భీమవరం నుంచే బయలుదేరదీస్తే ఇంకొక చిక్కు ఉంది. నరసాపురం, పాలకొల్లు, వీరవాసరంలో ఎక్కవలసిన రిజర్వేషన్ ప్రయాణికులు రోడ్డు మీద భీమవరం చేరేసరికి, వారు రాలేదని బెర్తులు వేరేవారికి ఇచ్చేసే ప్రమాదం ఉంది. ఆ స్టేషన్ల వారీ చార్టు తీసి టీటీఈ చేతికిచ్చి, ఆ బెర్తులను తొందరపడి ఇవ్వవద్దని ముందే మాట్లాడుకోండి. ఈ చిన్న మాట చెప్పనందువల్ల పండుగ రోజుల్లో జరిగే రభస చాలా పెద్దది.

బండిలోనే చిక్కుకున్నవారు, బస్సులు

బండి ప్లాట్‌ఫారం లేని లైన్‌లో ఆగితే జనం పక్క లైన్‌లోకి దిగుతారు. అటువైపు నుంచి బండి రావచ్చు. రైల్వే పోలీసు ఉంటే వారిని, లేకపోతే పాయింట్స్‌మన్‌ను, గ్యాంగ్‌మెన్‌ను ఆ వైపు నిలపండి. పక్క లైన్ మీద బండిని వదిలే ముందు మైకులో చెప్పండి. తుపాను తరువాత వేలాడుతున్న తీగ కనిపిస్తే అందులో 25,000 వోల్టుల కరెంటు ఉండవచ్చని, ఎవరూ దగ్గరకు పోకూడదని, గొడుగుతోగాని వెదురుతోగాని తాకకూడదని పదేపదే హెచ్చరించండి. లెవెల్ క్రాసింగు మీద బండి ఆగిపోయి ఉంటే గేటు అవతల అంబులెన్సు ఉందేమో గేట్‌మన్‌ను అడిగి, వేరే రోడ్డు చూపించండి.

బస్సుల లెక్క ముందే వేసుకోవాలి. కొత్త రకం స్లీపర్ కోచ్‌లో 80 బెర్తులుంటాయి. ఒక ఆర్టీసీ బస్సులో సుమారు 50 మంది కూర్చుంటారు. అంటే ఒక్కొక్క కోచ్‌కు ఒకటిన్నర బస్సు పైనే. పది స్లీపర్ కోచ్‌ల బండికి పదహారు బస్సులు కావాలి. జనరల్ కోచ్‌లు ఈ లెక్కలో చేర్చనే లేదు. ఏ డిపో అయినా రాత్రివేళ అన్ని బస్సులు ఇవ్వలేదు. కాబట్టి అందరినీ తరలిస్తామని ప్రకటించవద్దు. ముందుగా గమ్యాల వారీగా జనాన్ని విడదీయండి. దగ్గరి ఊళ్లవారు మామూలు సర్వీసు బస్సుల్లో సర్దుకుపోతారు. మిగిలినవారిలో రోగులు, గర్భిణులు, పసిపిల్లలున్నవారు, ఒంటరిగా వచ్చిన వృద్ధులు, పరీక్షకో విమానానికో పోయేవారు మొదటి బస్సులో ఎక్కాలి. ఈ వరుసను మైకులో చెప్పి కారణం వివరిస్తే మిగతావారు దారి ఇస్తారు. చెప్పకుండా చేస్తే పక్షపాతం అంటారు. బస్సు నంబరు, ఎక్కినవారి సంఖ్య, బయలుదేరిన సమయం రాసి పెట్టుకోండి, ఎందుకంటే రాత్రి ఇంటి నుంచి “మావాళ్లు ఎక్కడున్నారండీ” అని ఫోన్లు వస్తాయి.

తిండి విషయంలో ఈ నేల ఉదారమైనది. ఊళ్లో చెబితే పులిహోర, పెరుగన్నం, అరటిపళ్లు తెచ్చేవాళ్లు ఉంటారు. తెచ్చినవారిని కోచ్‌ల వారీగా పంపండి, లేకపోతే ఇంజను దగ్గరి కోచ్‌లకు రెండుసార్లు అంది చివరి జనరల్ కోచ్‌కు ఏమీ అందదు. మంచినీరు మాత్రం దాతల మీద వదలకండి, వరద రోజుల్లో బావినీరు, కాలువనీరు తాగించకూడదు.

డబ్బు వాపసు

ఇక్కడ ప్రయాణికుడు నష్టపోయేది ఎక్కువగా నియమం తెలియక, అదీ గడువు తెలియక. బండి పూర్తిగా రద్దయితే ఈ-టికెట్ డబ్బు దానంతటదే ఖాతాలోకి పోతుంది, టీడీఆర్ (వాపసు కోసం ఆన్‌లైన్‌లో వేసే దరఖాస్తు) వేయనక్కరలేదు. కౌంటరులో కొన్న టికెట్‌ను 3 రోజుల లోపల తెచ్చి ఇవ్వాలి. బండి తాను ఎక్కే స్టేషన్ నుంచి 3 గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణం వద్దనుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. అయితే బండి నిజంగా బయలుదేరేలోపే కౌంటరు టికెట్‌ను ఇచ్చేయాలి, ఈ-టికెట్ అయితే టీడీఆర్ వేయాలి. బండి వెళ్లిపోయాక అడిగితే రాదు. ఈ ఒక్క మాటను, ఆలస్యం 3 గంటలు దాటగానే, మైకులో చెప్పడం మీ బాధ్యతగా భావించండి. బండి మళ్లినందువల్ల ప్రయాణం మానుకున్నవారికి కూడా పూర్తి డబ్బు వస్తుంది, కాని టీడీఆర్ తప్పదు. గండ్లు, వరదల వల్ల దారిలో బండి ఆగి రైల్వే వేరే ఏర్పాటు చేయలేకపోతే మొత్తం ప్రయాణపు ఛార్జీ తిరిగి ఇస్తారు. బస్సు ఏర్పాటు చేసినా ప్రయాణికుడు వద్దంటే ప్రయాణించని దూరానికి మాత్రమే ఇస్తారు. కనుక బస్సు వద్దనేవారికి ఆ సంగతి ముందుగా చెప్పండి.

బుకింగ్ కౌంటరులో నగదు చాలకపోవడం చిన్న స్టేషన్ల పెద్ద సమస్య. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున వసూలైన డబ్బునంతా పంపేయకుండా వాపసుకు కొంత ఉంచుకోవడానికి కమర్షియల్ అధికారుల అనుమతి ముందే తీసుకోండి. కౌంటరు దాటి వెళ్లినవారి ఫిర్యాదులకు 139 నంబరు, రైల్ మదద్ యాప్ ఉన్నాయని బల్ల మీద రాయండి.

సంక్రాంతి, పుష్కరాలు

వాన లేకపోయినా ఈ పద్ధతులు వాడవలసిన రోజులు రెండు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే జనంలో ఒక్క బండి రెండు గంటలు ఆలస్యమైనా తరువాతి బండి జనం దానిలోకి ఎక్కుతారు. 2015లో పుష్కరాల తొలి రోజున రాజమండ్రి ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. మళ్లీ 2027లో పుష్కరాలున్నాయి. రాజమండ్రి, గోదావరి, కొవ్వూరు స్టేషన్లలో పనిచేసేవారు ఒక్క నియమం మరువకూడదు. జనం ఎక్కడానికి సిద్ధంగా నిలబడ్డాక చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చవద్దు. తప్పనిసరిగా మార్చవలసి వస్తే బండిని బయట నిలిపి, జనం వంతెన దాటాకే లోపలికి తీసుకోమని కంట్రోల్‌ను కోరండి.

మార్గం తెరిచాక

దారి బాగైందని కబురు రాగానే “రాకపోకలు యథాతథం” అని ప్రకటించకండి. మొదటి బండ్లు దెబ్బతిన్న చోట నడక వేగంతో దాటుతాయి, రేకులు (బండి పెట్టెల వరుసలు) ఎక్కడివక్కడ, సిబ్బంది ఎక్కడివారక్కడ చెదిరి ఉంటారు, అందుచేత మర్నాడు కూడా కొన్ని బండ్లు ఉండవు. వేగం తగ్గించడం మీద కోపగించే ప్రయాణికుడికి 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి కట్ట కొట్టుకుపోయిన చోట రేపల్లె నుంచి వస్తున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ పడిపోయి వందమందికి పైగా చనిపోయిన సంగతి చెబితే అర్థం చేసుకుంటాడు. బెదిరించే గొంతుతో మాత్రం చెప్పకండి.

వాపసు గడువు గురించిన కాగితాన్ని మూడో రోజు సాయంత్రం దాకా కిటికీ దగ్గరే ఉంచండి, ఎందుకంటే లంకల్లో నీళ్ల మధ్య చిక్కుకున్నవారు అప్పటికిగాని స్టేషన్‌కు రాలేరు. గడువు దాటి వచ్చినవారిని ఉత్త చేతులతో పంపకుండా టికెట్ తీసుకుని టికెట్ డిపాజిట్ రసీదు ఇచ్చి, దానితో ఏ కార్యాలయానికి దరఖాస్తు చేయాలో, మీ స్టేషన్‌లో ఆ రోజు బండ్లు ఆగిన సమయాలేమిటో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

చివరగా నోటు పుస్తకం తెరిచి, ఆ రాత్రి ఎత్తని ఫోన్ నంబర్లను కొట్టేసి కొత్తవి రాయండి. మారిన చివరి బస్సు సమయాలు, మునిగిన రోడ్ల పేర్లు, నీరు ఎంతసేపు వచ్చింది, జనరేటరు ఎప్పుడు ఆగింది అన్నవి తేదీ వేసి రాసి, మీ తరువాత డ్యూటీకి వచ్చేవారితో చదివించి సంతకం తీసుకోండి.